ఓపియాయిడ్ మందుచీటీ: మొదలుపెట్టడం నుంచి మాన్పించడం దాకా

ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోను వచ్చింది. "డాక్టరుగారూ, నాన్నను ఎంత లేపినా లేవడం లేదు. గురక మాత్రం ఎప్పుడూ లేనట్టుగా వస్తోంది." క్యాన్సర్ నొప్పితో బాధపడుతున్న ఆ పెద్దాయనకు ఆ రోజే మార్ఫిన్ ద్రావణం రాసిచ్చాను, నాలుగు గంటలకోసారి 5 మిల్లీగ్రాములు. ఇంటికి చేరిన సీసాలో ఉన్నది మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల గాఢ ద్రావణం. చీటీలో 5 అంకె చూసిన కూతురు కొలత మూతలో 5 గీత దాకా పోసి పట్టించింది. ఐదు మిల్లీలీటర్లు, అంటే 100 మిల్లీగ్రాములు. నేను అనుకున్నదానికి ఇరవై రెట్లు.

సమయానికి ఆంబులెన్స్ వచ్చింది, మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ అందింది, ఆయన బతికారు. మర్నాడు ఆ అమ్మాయి "నా చేతులతో నేనే చంపుకునేదాన్ని" అని ఏడ్చింది. తప్పు ఆమెది కాదు. నా చీటీలో మిల్లీగ్రాములు ఉన్నాయి, మిల్లీలీటర్లు లేవు. ద్రావణం ఏ గాఢతలో ఉండాలో నేను రాయలేదు.

ఆ తర్వాత నేను చూసిన ప్రమాదాలను ఒక్కొక్కటిగా తలచుకుంటే, అన్నీ ఏదో ఒక మలుపు దగ్గరే జరిగాయని తెలిసింది. మందు మొదలుపెట్టినప్పుడు, పెంచినప్పుడు, మరో మందుకు మార్చినప్పుడు, నిద్రమాత్ర తోడైనప్పుడు, కొన్నాళ్లు ఆపి మళ్లీ వేసుకున్నప్పుడు, ఉన్నట్టుండి మాన్పించినప్పుడు. ఒకే మోతాదు మీద నెలల తరబడి నిలకడగా ఉన్న రోగి గురించి మనం ఎక్కువ కంగారు పడతాం. నిన్ననే మోతాదు మారిన రోగిని నెల తర్వాత రమ్మని పంపేస్తాం. ఓపియాయిడ్లు, అంటే మార్ఫిన్ వర్గపు నొప్పి మందుల గురించి ఈ మార్గదర్శిని ఆ మలుపుల వరుసలోనే రాస్తున్నాను. వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టుల కోసం రాసినా, ఇంట్లో ఇలాంటి మందు వాడుతున్నవారికీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. వారు మాత్రం మోతాదు మార్పులను సొంతంగా చేయకూడదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. భయంతో మార్ఫిన్ రాయకుండా క్యాన్సర్ రోగిని నొప్పికి వదిలేయడం కూడా వైద్యపరమైన తప్పే. మాదకద్రవ్యాలపై 1961లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం పీఠికలోనే, నొప్పిని తగ్గించడానికి ఈ మందులు తప్పనిసరని, అవి అందుబాటులో ఉండేలా చూడాలని రాసి ఉంది. నియంత్రణ, అందుబాటు రెండూ ఒకే పత్రంలో పక్కపక్కన ఉన్నాయి.

రాయాలా వద్దా

మొదటి ప్రశ్న ఇదే: ఈ నొప్పికి ఓపియాయిడ్ పనిచేస్తుందా? క్యాన్సర్ నొప్పి, పెద్ద శస్త్రచికిత్స, తీవ్రమైన గాయాలు, కాలిన గాయాలు, జీవితపు చివరి రోజుల్లో ఆయాసం అయితే జవాబు దాదాపు ఎప్పుడూ అవుననే. మామూలు నడుము నొప్పి, మైగ్రేన్, ఒళ్లంతా దీర్ఘకాలంగా నొప్పి ఉండే ఫైబ్రోమయాల్జియా అయితే కాదు. 2023లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, కొత్తగా వచ్చిన నడుము, మెడ నొప్పులకు ఆరు వారాల పాటు ఆక్సికోడోన్ అనే ఓపియాయిడ్ వాడినవారికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారికి నొప్పిలో తేడా కనిపించలేదు. దీర్ఘకాలిక నడుము నొప్పి, మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల ఉన్న 240 మందిని ఏడాది పాటు పరిశీలించి 2018లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలోనూ ఓపియాయిడ్లు వాడినవారి రోజువారీ పనితనం ఇతర మందులు వాడినవారి కంటే మెరుగుపడలేదు.

చేయీ కాలూ దెబ్బతిని అత్యవసర విభాగానికి వచ్చేవారి విషయంలో నాకు ఇప్పుడు సందేహం లేదు. ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 1000 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రెండు గంటల తర్వాత నొప్పి తగ్గుదల ఓపియాయిడ్ మిశ్రమ మాత్రలతో సమానంగా ఉంటుందని 2017లోనే తేలింది. మూత్రపిండాలు, కడుపు, గుండె అనుమతిస్తే ముందు అదే ఇవ్వండి. పంటి నొప్పికీ అంతే.

రాయక తప్పదనుకుంటే, ఎన్ని రోజులకు రాస్తున్నామన్నది మోతాదంత ముఖ్యం. గాయానికో చిన్న శస్త్రచికిత్సకో మూడు రోజులు సాధారణంగా సరిపోతాయి, ఏడు రోజులు దాటాల్సిన అవసరం అరుదు. 2017లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వెలువరించిన విశ్లేషణలో, మొదటి చీటీ ఒక్క రోజుకు ఉన్నవారిలో ఏడాది తర్వాత కూడా ఓపియాయిడ్ వాడుతున్నవారు 6 శాతం. ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ రోజుల చీటీ అయితే 13.5 శాతం. 31 రోజులు దాటితే దాదాపు 30 శాతం. ఎక్కువ నొప్పి ఉన్నవారికే ఎక్కువ రోజులు రాసి ఉంటారు కాబట్టి కారణమంతా చీటీదే అనలేం. అయినా "దేనికైనా మంచిదని" ఇంకో వారానికి రాసిపడేసే అలవాటు మానుకోవడానికి ఆ అంకెలు చాలు.

ముందుగా అడగాల్సినవి

తలుపు వేసి, తొందర లేకుండా అడగండి. మద్యం ఎంత, ఎప్పుడెప్పుడు? గతంలో ఏదైనా మందుకో మత్తుపదార్థానికో బానిసైన రోజులు ఉన్నాయా? కుటుంబంలో ఎవరికైనా? కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా? ఇంట్లో చిన్నపిల్లలు, యుక్తవయసు పిల్లలు ఉన్నారా? "ఇవి అందరినీ అడుగుతాను" అని మొదలుపెడితే ఎవరూ నొచ్చుకోరు. అడగకుండా ముఖం చూసి అంచనా వేసే వైద్యుడు, బట్టలు నలిగినవారిని అనుమానించి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నవారిని వదిలేస్తాడు. ముప్పు ఎక్కువని తేలితే మందు నిరాకరించమని అర్థం కాదు. తక్కువ రోజులకు ఇవ్వండి, త్వరగా మళ్లీ చూడండి, ఇంట్లో ఒకరి చేతికి మందు అప్పగించండి.

శరీరం వైపు చూస్తే, గట్టిగా గురక పెట్టేవారిని స్లీప్ ఆప్నియా గురించి అడగకుండా పంపకండి. నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉన్నవారికి ఓపియాయిడ్ తోడైతే ఆ ఆగడం పొడవవుతుంది. మూత్రపిండాల పనితీరు తప్పనిసరిగా చూడాలి. మార్ఫిన్ కాలేయంలో మారి ఏర్పడే పదార్థాలు మూత్రం ద్వారానే బయటకు పోతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అవి పేరుకుపోయి మగత, కండరాల అదురు, చివరికి శ్వాస మందగించడం వస్తాయి. అలాంటివారికి ఫెంటానిల్, బ్యూప్రెనార్ఫిన్ అనే ఓపియాయిడ్లు మెరుగు. పెథిడిన్ అనే మరో ఓపియాయిడ్‌ను నేను నోటి ద్వారా గానీ వరుస మోతాదులుగా గానీ ఎవరికీ రాయను. దాని నుంచి ఏర్పడే నార్‌పెథిడిన్ పేరుకుని మూర్ఛలు తెప్పిస్తుంది.

కోడీన్, ట్రమడాల్ "తేలిక మందులు" అన్న నమ్మకం ఇంకా పోలేదు. ఈ రెండూ కాలేయంలోని ఒక ఎంజైము వల్ల మరింత బలమైన రూపంలోకి మారతాయి. ఆ ఎంజైము కొందరిలో జన్యుపరంగా చాలా చురుకుగా ఉంటుంది. అలాంటివారికి మామూలు మోతాదే అధిక మోతాదు. టాన్సిల్ శస్త్రచికిత్స తర్వాత కోడీన్ ఇచ్చిన పిల్లలు ఇలాగే చనిపోయారు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో పన్నెండేళ్లలోపు పిల్లలకు ఈ రెండూ ఇవ్వకూడదని చెప్పింది, పాలిచ్చే తల్లులనూ హెచ్చరించింది. ట్రమడాల్‌కు మరో గుణం ఉంది: మూర్ఛలు తెప్పించగలదు, కుంగుబాటు మందులతో కలిస్తే, శరీరంలో సెరోటోనిన్ మితిమీరి ప్రాణం మీదికి తెచ్చే సెరోటోనిన్ సిండ్రోమ్ రావచ్చు.

తోడు మందులు

రోగి వాడుతున్న మందులన్నీ సంచీతో సహా తెమ్మనండి, బల్ల మీద పరిచి చూడండి. వెతకాల్సింది ముఖ్యంగా అల్ప్రజోలం, క్లోనజెపామ్, డయజెపామ్ వంటి, ఆందోళనకూ నిద్రకూ వాడే బెంజోడయజెపైన్లు, జోల్పిడెమ్ వంటి నిద్రమాత్రలు, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్. బెంజోడయజెపైన్, ఓపియాయిడ్ కలిసి వాడితే శ్వాస ఆగి చనిపోయే ముప్పు ఉందని 2016 నుంచి రెండు రకాల మందుల సమాచార పత్రాల్లోనూ అమెరికాలో నల్లగీతల చట్రంలో అచ్చువేసే అత్యంత తీవ్రమైన హెచ్చరిక ఉంది. గాబాపెంటిన్ వర్గం మీద 2019లో హెచ్చరిక వచ్చింది.

అయితే, ఏళ్ల తరబడి క్లోనజెపామ్ వాడుతున్నవారికి "ఇది ఆపేయండి, అది మొదలుపెడదాం" అనకండి. బెంజోడయజెపైన్ హఠాత్తుగా మానితే మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. ఓపియాయిడ్‌ను తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఆ మందు రాస్తున్న వైద్యుడికి ఫోను చేయండి. నియంత్రిత మందుల చీటీలన్నీ నమోదయ్యే కంప్యూటర్ వ్యవస్థ మీరు పనిచేసే చోట ఉంటే ప్రతిసారీ తెరిచి చూడండి. లేకపోతే ఫార్మసిస్టును అడగండి. వారికి మనకంటే ఎక్కువ తెలిసి ఉండటం మామూలే.

చీటీ

ఓపియాయిడ్ అలవాటు లేని పెద్దలకు మొదటి మోతాదు నోటి మార్ఫిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు, త్వరగా పనిచేసే రకం. వయసు మళ్లినవారికి, బక్కచిక్కినవారికి 2.5 నుంచి 5. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు, చర్మానికి అంటించే ఫెంటానిల్ పట్టీలు మొదటి మందుగా ఎన్నడూ వద్దు. రోజుకు 60 మిల్లీగ్రాముల నోటి మార్ఫిన్, లేదా దానికి సమానమైనది, కనీసం వారం పాటు వాడినవారినే అలవాటుపడినవారిగా లెక్కించాలి. ఫెంటానిల్ పట్టీ వారికే.

ఆ రాత్రి ఫోను తర్వాత నా చీటీ మారిపోయింది. ఇప్పుడు ఇలా రాస్తాను: "మార్ఫిన్ ద్రావణం, 5 మిల్లీలీటర్లకు 10 మిల్లీగ్రాములు. ఒక మోతాదు 5 మిల్లీగ్రాములు, అంటే 2.5 మిల్లీలీటర్లు. నొప్పి ఉంటే నాలుగు గంటలకోసారి. మగతగా ఉంటే ఇవ్వవద్దు, ఫోను చేయండి." మొత్తం పరిమాణాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తాను. 5 పక్కన చుక్క, సున్నా పెట్టను. 5.0లో చుక్క మసకబారితే అది 50 అవుతుంది. సగానికి 0.5 అని ముందు సున్నాతో రాస్తాను. తర్వాత సూది లేని సిరంజి ఒకటి చేతికిచ్చి, 2.5 గీత మీద పెన్నుతో గుర్తు పెట్టి, నీళ్లతో నా ముందే కొలిపిస్తాను. రెండు నిమిషాల పని. మందు పట్టించేవారు ఎవరో వారి చేతే కొలిపించాలి, రోగితో పాటు వచ్చిన ఎవరో ఒకరి చేత కాదు.

అదే చీటీలో విరేచన మందు కూడా రాయండి. వికారం, మగత కొన్ని రోజుల్లో తగ్గుతాయి, మలబద్ధకం మాత్రం తగ్గదు. దానికి శరీరం అలవాటు పడదు. సెన్నా వంటి పేగు కదిలించే మందు గానీ పాలీఇథిలీన్ గ్లైకాల్ గానీ మొదటి రోజు నుంచే ఇవ్వాలి. ఇసబ్గోల్ వంటి పీచు మందులు ఇక్కడ పనిచేయవు సరికదా, కదలని పేగులో గడ్డకట్టి ఇబ్బంది పెడతాయి. నొప్పి తగ్గినా మలబద్ధకం భరించలేక మార్ఫిన్ మానేసిన రోగులను ఎందరినో చూశాను. మళ్లీ నొప్పిలో కూరుకుపోయిన వారిని చూసి, "మందు పడలేదు" అని రాసుకున్న కేసు కాగితాలనూ చూశాను.

మొదటి మూడు రోజులు

శ్వాస మందగించే ముందు మగత వస్తుంది. ఈ ఒక్క వరుస ఇంట్లోవారికి అర్థమైతే చాలా ప్రాణాలు నిలుస్తాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో కళ్లు మూసుకుపోతే తర్వాతి మోతాదు ఆపి ఫోను చేయాలి. పిలిస్తే లేవకపోవడం, శ్వాస నిమిషానికి పది కంటే తగ్గడం, గొరగొరమని కొత్త రకం గురక, పెదవులు నీలంగా మారడం ఉంటే అది అత్యవసర పరిస్థితి. "హాయిగా నిద్రపోతున్నారులే" అని గురకను వదిలేయడమే ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. నొప్పితో నాలుగు రాత్రులు నిద్రలేనివారు నొప్పి తగ్గగానే ఎక్కువ నిద్రపోవడం సహజం. తేడా తెలియాలంటే భుజం తట్టి పేరు పెట్టి పిలవండి. లేచి నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడితే అది నిద్ర.

మొదటి మూడు రోజుల్లో ఒకసారి మీరే ఫోను చేయండి. మోతాదు పెంచిన ప్రతిసారీ ఇదే. డ్రైవింగ్ వద్దని, మద్యం బొత్తిగా వద్దని ఆ ఫోనులో మళ్లీ చెప్పండి. మొదటిరోజు చెప్పినవి సగం గుర్తుండవు.

మళ్లీ వచ్చినప్పుడు

దీర్ఘకాలిక నొప్పికి మొదలుపెడితే ఒకటి నుంచి నాలుగు వారాల్లో తప్పక చూడాలి, ఆ తర్వాత మూడు నెలలకు మించకుండా. "పదికి ఎంత నొప్పి?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగవద్దు. గత వారం సగటు నొప్పి ఎంత, అది జీవితంలోని సంతోషాన్ని ఎంత దెబ్బతీసింది, రోజువారీ పనులకు ఎంత అడ్డొచ్చింది అని మూడు ప్రశ్నలు వేసి ఒక్కోదానికి పదికి ఎంతో అడగండి. సగటు కనీసం 30 శాతం తగ్గితే ఉపయోగం ఉన్నట్టు. మొదలుపెట్టేటప్పుడే ఒక పని అనుకోవాలి: మెట్లు ఎక్కడం, మనవడిని ఎత్తుకోవడం, గంటసేపు కూర్చోగలగడం. మూడు నెలల తర్వాత అది సాధ్యపడకపోతే మందు పనిచేయడం లేదన్నమాట, మోతాదు ఎంతైనా సరే.

విరేచనం, మగత, పడిపోవడం, మూడ్, నిద్ర గురించి అడగండి. ఏళ్ల వాడకంలో టెస్టోస్టెరాన్ తగ్గడం, అడ్రినల్ గ్రంథి మందగించడం ఉంటాయి, అలసటను వయసు మీద నెట్టేయకండి. మోతాదు పెంచేకొద్దీ నొప్పి ఒళ్లంతా పాకి, తాకినా ఓర్చుకోలేని స్థితి వస్తే, ఓపియాయిడే నొప్పిని పెంచుతోందేమో ఆలోచించండి. అప్పుడు చేయాల్సింది తగ్గించడం.

మూత్ర పరీక్షను చదవడం

ఫెంటానిల్ పట్టీ వాడుతున్న ఒక రోగి మూత్ర పరీక్షలో "ఓపియేట్లు: లేవు" అని వచ్చింది. పట్టీలు అమ్ముకుంటున్నాడని తేల్చేసి, మందు ఆపేయమని ఆయన కేసు కాగితంలో అప్పటికే రాసి ఉంది. చొక్కా విప్పమంటే పట్టీ భుజం వెనక ఉంది, తేదీతో సహా. పరీక్షలో లోపం లేదు. దాన్ని చదివినవారికి ఆ పరీక్ష ఏం చూస్తుందో తెలియదు.

సాధారణ స్క్రీనింగ్ పరీక్షలోని ఓపియేట్ పట్టిక, నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్, కోడీన్, హెరాయిన్ జాడలను పడుతుంది. ఫెంటానిల్, మెథడోన్, ట్రమడాల్, బ్యూప్రెనార్ఫిన్‌లను పట్టదు. ఆక్సికోడోన్‌ను సరిగా పట్టదు. బెంజోడయజెపైన్ పరీక్ష క్లోనజెపామ్, లోరాజెపామ్‌లను తరచూ వదిలేస్తుంది. మరోవైపు గసగసాలు తిన్నవారిలో ఓపియేట్ ఉన్నట్టు చూపించవచ్చు. కోడీన్ వాడేవారి మూత్రంలో మార్ఫిన్ కనబడటం సహజం, ఒకటి మరొకటిగా మారుతుంది కాబట్టి.

అందుకే పరీక్షకు పంపే ముందే, చివరి మోతాదు ఎప్పుడు, ఇంకేమేం వేసుకున్నారని అడిగి రాసుకోండి. ఊహించని ఫలితం వస్తే మొదట రోగితో మాట్లాడండి, తర్వాత మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేసే నిర్ధారణ పరీక్షకు పంపండి. ఒక్క స్క్రీనింగ్ కాగితం మీద ఎవరికీ వైద్యం ఆపకూడదు. పరీక్ష అందరికీ ఒకే పద్ధతిలో ఉండాలి. అనుమానం ఉన్నవారికే అంటే, మన పక్షపాతాలకు ప్రయోగశాల ముద్ర వేసినట్టే.

పెంచే ముందు లెక్క

రోజు మొత్తం ఓపియాయిడ్‌ను నోటి మార్ఫిన్‌తో పోల్చి ఒకే అంకెగా చూడాలి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022 మార్గదర్శకాల ప్రకారం కోడీన్‌ను 0.15తో, ట్రమడాల్‌ను 0.2తో, ఆక్సికోడోన్‌ను 1.5తో గుణించాలి. ఫెంటానిల్ పట్టీ అయితే గంటకు ఎన్ని మైక్రోగ్రాములో దాన్ని 2.4తో. ట్రమడాల్ 50 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు అంటే 200, గుణిస్తే 40. ఆక్సికోడోన్ 20 రోజుకు రెండుసార్లు అంటే 40, గుణిస్తే 60. గంటకు 25 మైక్రోగ్రాముల పట్టీ కూడా 60కి సమానం. చూడటానికి చిన్న పట్టీయే.

క్యాన్సర్ కాని నొప్పికి 50 దాటబోతుంటే ఆగి ఆలోచించండి. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రోజుకు 20 లోపు వాడేవారితో పోలిస్తే 50 నుంచి 99 వాడేవారికి అధిక మోతాదు ప్రమాదం 3.7 రెట్లు, 100 అంతకు మించి వాడేవారికి 8.9 రెట్లు ఉంది. 50 అన్నది గోడ కాదు. దాటవలసిన రోగులు ఉంటారు. కానీ అక్కడి నుంచి పెంచితే వచ్చే లాభం తగ్గుతూ పోతుంది, ముప్పు పెరుగుతూ పోతుంది. క్యాన్సర్ నొప్పికీ, జీవితపు చివరి రోజులకూ ఈ గీత వర్తించదు.

మందు మార్చేటప్పుడు

నాకు ఇప్పటికీ చేయి కాస్త వణికే చోటు ఇది. పైన చెప్పిన గుణకాలు ముప్పును అంచనా వేయడానికి, కొత్త మందు మోతాదు నిర్ణయించడానికి నేరుగా వాడేవి కావు. ఒక ఓపియాయిడ్‌కు అలవాటుపడిన శరీరం మరోదానికి పూర్తిగా అలవాటుపడి ఉండదు. అందుకే లెక్కలో వచ్చిన దానిని 25 నుంచి 50 శాతం తగ్గించాలి.

ఒక ఉదాహరణ. రోజుకు 90 మిల్లీగ్రాముల నోటి మార్ఫిన్ వాడుతున్న క్యాన్సర్ రోగికి వికారం ఎంతకూ తగ్గడం లేదు, మూత్రపిండాలు బాగున్నాయి. ఆక్సికోడోన్‌కు మార్చాలి. 90ని 1.5తో భాగిస్తే 60. మూడో వంతు తగ్గిస్తే 40. పన్నెండు గంటలకోసారి నెమ్మదిగా విడుదలయ్యే 20 మిల్లీగ్రాముల మాత్ర. మధ్యలో పొడుచుకొచ్చే నొప్పికి రోజు మోతాదులో 10 నుంచి 15 శాతం, అంటే త్వరగా పనిచేసే 5 మిల్లీగ్రాములు. ఈ లెక్కను కాగితం మీద రాసి, మరొకరి చేత చూపించుకోండి. పాత మాత్రలు ఇంట్లో మిగిలితే అవీ ఇవీ కలిపి వేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి వెనక్కి తెమ్మనండి.

ఫెంటానిల్ పట్టీ పనిచేయడం మొదలయ్యేసరికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. తీసేశాక కూడా చర్మం కింద నిల్వ ఉన్న మందు గంటల తరబడి రక్తంలోకి వస్తూనే ఉంటుంది. మగత వచ్చిందని పట్టీ పీకేసి ఇంటికి పంపితే చాలదు. జ్వరం, వేడినీళ్ల సంచి, విద్యుత్ దుప్పటి పట్టీ నుంచి మందును వేగంగా లోపలికి తోస్తాయి. ఈ మాట చీటీ మీదే రాయండి. మెథడోన్ సంగతి వేరు. నొప్పి ఆరేడు గంటలు తగ్గుతుంది గానీ, మందు శరీరంలో సగానికి తగ్గడానికి 8 నుంచి 59 గంటల దాకా పట్టవచ్చు. మూడో రోజు బాగానే ఉన్న మనిషి ఐదో రోజు నిద్రలో చనిపోవచ్చు. కనీసం ఐదు నుంచి ఏడు రోజులు గడవకుండా పెంచకూడదు, ఈసీజీలో క్యూటీ, అంటే గుండె ప్రతి కొట్టుకోవడంలో విద్యుత్‌పరంగా తేరుకోవడానికి పట్టే వ్యవధి, చూడకుండా మొదలుపెట్టకూడదు. అనుభవం లేకపోతే ఉన్నవారిని అడిగి రాయండి.

నిద్రమాత్రలు, ఉత్తేజక మందులు

ఇవీ నియంత్రిత మందులే, ఇవే సూత్రాలు. బెంజోడయజెపైన్ రాసేటప్పుడే ఆపే తేదీ కూడా చెప్పండి, రెండు నుంచి నాలుగు వారాలు. నిద్రలేమికి మందు కంటే నిద్ర అలవాట్లను సరిదిద్దే ప్రవర్తన చికిత్స ఎక్కువ కాలం నిలుస్తుంది. వృద్ధులకు ఇవి ఇస్తే పడిపోవడం, తుంటి ఎముక విరగడం గుర్తుంచుకోండి. ఏకాగ్రత లోపానికి మిథైల్‌ఫెనిడేట్ వాడే పిల్లలకు ప్రతిసారీ రక్తపోటు, నాడి, ఎత్తు, బరువు చూడాలి. మాత్రలు బడి సంచిలోకి చేరకుండా పెద్దల చేతిలో ఉండాలి.

తగ్గించడం

మందు పనిచేయనప్పుడు, ముప్పు ఎక్కువైనప్పుడు, రోగే కోరినప్పుడు తగ్గించాలి. ఏడాదికి పైగా వాడినవారికి నెలకు 10 శాతం చొప్పున తగ్గిస్తే చాలామంది ఓర్చుకోగలరు. కొన్ని వారాలే వాడినవారికి వారానికి 10 శాతం. చివరి మూడో వంతు కష్టం. 60 నుంచి 54కి దిగినంత తేలిగ్గా 12 నుంచి 6కి దిగలేరు. ఎందుకంటే అక్కడ ఆ 6 అప్పుడు వాడుతున్న మోతాదులో సగం. అక్కడ అడుగులు చిన్నవి చేయండి, ఒకటి రెండు నెలలు ఆగండి. ఆగడం ఓటమి కాదని రోగికి చెప్పండి.

ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం, విరేచనాలు, నిద్రలేమి వస్తే క్లోనిడిన్, విరేచనాలకు లోపెరమైడ్ సాయపడతాయి. ఆ రోజుల్లో పాత నొప్పి కూడా తాత్కాలికంగా పెరుగుతుంది. "చూశారా, మందు లేకపోతే నొప్పి వచ్చేసింది" అని ఇద్దరూ అనుకునే సమయం ఇదే. రెండు వారాలు గడవనివ్వండి.

హఠాత్తుగా ఆపకండి. మందు ఆగినప్పుడు వచ్చే తీవ్రమైన ఉపసంహరణ బాధ, అదుపు తప్పిన నొప్పి, ఆత్మహత్యలు జరుగుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 ఏప్రిల్‌లో హెచ్చరించింది. మీ దగ్గర మందు ఆగిందంటే రోగికి అవసరం తీరినట్టు కాదు, వీధిలో ఏం దొరుకుతుందో మీకు తెలియదు. గర్భిణికైతే ఒక్కసారిగా మాన్పించడం బిడ్డకూ ప్రమాదం. బెంజోడయజెపైన్లను ఇంకా నెమ్మదిగా, రెండు నాలుగు వారాలకు 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించాలి.

వ్యసనం కనబడితే

చీటీ గడువుకు ముందే అయిపోవడం ఒక్కటే వ్యసనం కాదు. నొప్పికి తగినంత మందు అందనివారు కూడా ముందే అడుగుతారు. హాని కనిపిస్తున్నా ఆపలేకపోవడం, మందు చుట్టూనే రోజంతా తిరగడం, పని, కుటుంబం జారిపోవడం చూడండి. నిర్ధారణ అయితే ఆ మాటను కోపంగా కాక, రక్తంలో చక్కెర ఎక్కువుందని చెప్పినట్టే చెప్పండి. దానికి మందు ఉంది. బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ మరణాలను బాగా తగ్గిస్తాయి. బ్యూప్రెనార్ఫిన్‌కు శ్వాసను అణచడంలో ఒక పరిమితి ఉంది, మోతాదు పెరిగినా ఆ ప్రభావం ఒక స్థాయి దాటి పెరగదు. కానీ రోగికి ఉపసంహరణ లక్షణాలు స్పష్టంగా మొదలయ్యాకే తొలి మాత్ర ఇవ్వాలి. త్వరగా పనిచేసే ఓపియాయిడ్ ఆపి కనీసం 12 గంటలు, నెమ్మదిగా పనిచేసేదైతే 24 గంటలకు పైగా గడవాలి. తొందరపడితే ఆ మాత్రే భరించలేని ఉపసంహరణ తెస్తుంది, రోగి మళ్లీ మీ గడప తొక్కకపోవచ్చు.

ఆసుపత్రిలో, జైలులో, డీఅడిక్షన్ కేంద్రంలో కొన్ని వారాలు మందుకు దూరంగా ఉండి వచ్చినవారికి పాత మోతాదే ప్రాణాంతకం. డిశ్చార్జి కాగితంలో ఈ వాక్యం ఉండాలి, ఇంట్లోవారికి నోటితోనూ చెప్పాలి.

ఇంట్లో ఉండాల్సినవి

రోజు మోతాదు 50 మిల్లీగ్రాముల నోటి మార్ఫిన్‌కు సమానమైనది దాటినవారికి, బెంజోడయజెపైన్ కూడా వాడేవారికి, స్లీప్ ఆప్నియా ఉన్నవారికి, గతంలో అధిక మోతాదు అయినవారికి, విరామం తర్వాత మళ్లీ మొదలుపెట్టేవారికి, ఇంట్లో పసిపిల్లలు ఉన్నవారికి నాలోక్సోన్ దొరికే చోట చీటీతో పాటే రాయండి. వాడే విధానాన్ని ఇంట్లోవారికి నేర్పండి. గట్టిగా పిలిచి, ఎదురురొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దాలి. లేవకపోతే అత్యవసర నంబరుకు ఫోను చేయాలి. ఒక ముక్కుపుటంలో 4 మిల్లీగ్రాముల స్ప్రే కొట్టాలి, లేదా కండలో 0.4 మిల్లీగ్రాముల ఇంజక్షన్. శ్వాస లేకపోతే నోటితో శ్వాస అందించాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండో మోతాదు. శ్వాస వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. మెథడోన్, పట్టీలు, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు అంతకంటే ఎక్కువసేపు ఉంటాయి. లేచి కూర్చుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

మందును తాళం వేసిన పెట్టెలో పెట్టి, మాత్రల లెక్క ఒక కాగితం మీద రాసుకోవాలి. మిగిలినవి వెనక్కి తీసుకునే చోటు ఉంటే అక్కడ ఇచ్చేయాలి. మూడు రోజులు వాడి తీసేసిన ఫెంటానిల్ పట్టీలో కూడా చిన్నపిల్లను చంపేంత మందు మిగిలే ఉంటుంది. తీయగానే జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, అంచులు గట్టిగా అతికేలా నొక్కి, పిల్లల చేతికి అందని చోట పారవేయాలి. వెనక్కి ఇచ్చే వీలు లేకపోతే టాయిలెట్‌లో వేసి నీళ్లు వదలడం కొన్ని చోట్ల సమ్మతమే. కొత్త పట్టీ వేసిన తేదీ, గంట దాని మీదే పెన్నుతో రాయాలి, శరీరం మీద ఎక్కడ వేశారో కాగితంలో రాయాలి. ఎత్తుకున్న బిడ్డ చర్మానికి అది ఊడి అంటుకోని చోట, పెద్దవారికైతే భుజం వెనకో పై వీపు మీదో వేసి, ప్రతి ఉదయం అది అక్కడే ఉందో లేదో తడిమి చూడాలి.